3060లో 12, 4060లో 8: కొత్త గ్రాఫిక్స్ కార్డుకి మెమరీ ఎందుకు తగ్గింది, తగ్గితే ఏమవుతుంది?

"కొత్తదానికి మెమరీ తక్కువేటన్నా?" అని మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో బీటెక్ రెండో ఏడు చదువుతున్నాడు. ఇంట్లో నెలల తరబడి పోరి గ్రాఫిక్స్ కార్డుకి డబ్బులు సంపాదించాడు, తీరా కొనబోయేసరికి రెండు కార్డుల మధ్య ఇరుక్కున్నాడు. ఒకటి ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ మెమరీ. రెండోది 4060, 8 జీబీ. వాడికి దొరుకుతున్న ధరలు ఇంచుమించు ఒకే దగ్గరున్నాయి. అదే వారంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకునే మా బావ కూడా సరిగ్గా ఈ రెండింటి గురించే అడిగాడు, కాకపోతే ఆయన సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్లి కొంటే తగ్గుతుందా అని కూడా అడిగాడు. పెట్రోలుకైతే సరిహద్దుకి ఇటూ అటూ రేటు తేడా ఉంటుంది గానీ, గ్రాఫిక్స్ కార్డు మీద జీఎస్‌టీ ఎటు కొన్నా 18 శాతమే.

ఇద్దరికీ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పాను, ఇద్దరూ సగం విని సగం వదిలేశారు. అందుకే ఇలా రాస్తున్నాను. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరివాళ్లం, స్పెక్ షీట్‌ని ఇంకా గ్రాంథికంలోనే వదిలేస్తే బాగుండదు.

పేరు ఒకటే, కార్డు ఒకటి కాదు

3060 అంటే 30వ తరంలో 60 స్థాయి కార్డు. 4060 అంటే 40వ తరంలో అదే స్థాయి. మొదటిది 2021 ఫిబ్రవరిలో 329 డాలర్ల ధరతో వచ్చింది (ఆ రోజుల్లో క్రిప్టో మైనింగ్ గోలలో ఆ ధరకి ఎవరికీ దొరకలేదు, అది వేరే కథ), రెండోది 2023 జూన్‌లో 299 డాలర్లకి.

అయితే 3060 అని పెట్టె మీద ఉన్నంత మాత్రాన అది మనం మాట్లాడుకునే 3060 అని నమ్మకం లేదు. 2022 చివర్లో అదే పేరుతో 8 జీబీ రకం ఒకటి వచ్చింది, దాంట్లో మెమరీ తగ్గడమే కాదు, మెమరీ దారి కూడా మూడో వంతు సన్నబడింది. ల్యాప్‌టాప్‌లో వచ్చే 3060 ఇంకా విచిత్రం: కోర్లు (లెక్కలు చేసే చిన్న చిన్న భాగాలు) డెస్క్‌టాప్ దానికన్నా ఎక్కువ, 3840, కానీ మెమరీ 6 జీబీ. ల్యాప్‌టాప్ 4060కి కోర్లు డెస్క్‌టాప్ దానితో సమానమే గానీ, తయారుచేసేవాడు దానికి 35 వాట్లు ఇస్తాడా 115 వాట్లు ఇస్తాడా అన్నదాన్ని బట్టి వేగం మారిపోతుంది. కాబట్టి ఇక్కడి నుంచి 3060 అంటే డెస్క్‌టాప్ 12 జీబీ, 4060 అంటే డెస్క్‌టాప్ 8 జీబీ. అంతే.

పెళ్లి వంటశాలలో ఎవరు ఎవరు

పెళ్లివారింటి వెనకాల వేసిన వంట పందిరి ఊహించుకోండి. కోర్లు అంటే వంటవాళ్లు. క్లాక్ అంటే వాళ్ల చేతి వేగం. కార్డు మీద ఉండే మెమరీ, అదే వీర్యామ్, సామాన్ల గది. బస్ వెడల్పు అంటే ఆ గది గుమ్మం వెడల్పు; గుమ్మం ఎంత వెడల్పుంటే అంతమంది ఒకేసారి బస్తాలు మోసుకొస్తారు. మోసేవాళ్లు ఎంత వేగంగా నడుస్తారన్నది మెమరీ వేగం. వంటవాడి పక్కనే, చెయ్యి చాపితే అందేలా ఉండే పోపుల పెట్టె ఎల్2 క్యాష్, అంటే చిప్ లోపలే ఉండే చిన్న మెమరీ. ఇక సామాన్ల గదిలో లేని సరుకు కావాలంటే బజారుకి మనిషిని పంపాలి కదా, ఆ బజారు మీ కంప్యూటర్‌లోని మామూలు ర్యామ్, బజారు దారి పీసీఐఈ.

3060లో వంటవాళ్లు 3584 మంది, వేగం 1777 మెగాహెర్ట్జ్ దాకా. 4060లో 3072 మందే, కానీ 2460 దాకా వెళ్తారు. గుమ్మం మొదటిదానికి 192 బిట్లు, రెండోదానికి 128. సామాన్ల గది 12, 8. పోపుల పెట్టె 3 ఎంబీ, 24 ఎంబీ. కరెంటు 170 వాట్లు, 115 వాట్లు.

ఇంత తేడా ఉన్న రెండు వంటశాలల్ని "గది పెద్దది కాబట్టి ఇదే గొప్ప" అని ఒక్క మాటలో తేల్చేస్తున్నారు జనం. కొత్తది కాబట్టి అదే గొప్ప అనేవాళ్లూ అంతే.

మనుషులు తగ్గినా పని ఎలా పెరిగింది

కోర్ల సంఖ్యని వేగంతో (గిగాహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి వంద కోట్ల విడతల చొప్పున) గుణించి, ఒక్కో కోర్ ఒక్కో విడతలో రెండు లెక్కలు చేస్తుంది కాబట్టి రెండుతో గుణిస్తే, ఆ కార్డు సెకనుకి చేయగలిగిన లెక్కలు వస్తాయి. 3060కి 3584 × 1.777 × 2, అంటే సుమారు 12.7 లక్షల కోట్లు. 4060కి 3072 × 2.46 × 2, సుమారు 15.1 లక్షల కోట్లు. దీన్నే టెరాఫ్లాప్స్ అంటారు. తేడా 19 శాతం. కంప్యూటర్ ఆటల్లో కొలిచి చూస్తే, 1080పీలో, అంటే ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ మీద, ఏ మాయలూ (వాటి సంగతి తర్వాత) వాడకుండా, 4060 సగటున 15 నుంచి 20 శాతం ముందుంటుంది. ఎన్‌విడియా వాళ్లు కూడా ఇంచుమించు ఇదే చెప్పుకున్నారు.

చూశారా, లెక్క ఎంత చక్కగా కుదిరిందో? కానీ ఇది ప్రతిసారీ కుదరదు. 2080 టీఐ కార్డులో కోర్లు 4352, టెరాఫ్లాప్స్ సుమారు 13.4. ఆ తర్వాతి తరం 3070లో కోర్లు 5888, టెరాఫ్లాప్స్ సుమారు 20.3. కాగితం మీద చూస్తే 3070 ఒకటిన్నర రెట్లు. ఆటల్లో మాత్రం రెండూ దాదాపు సమానం. 30వ తరంలో కోర్లని లెక్కపెట్టే తీరే మారింది: ప్రతి జట్టులో సగం మంది వంటతో పాటు అవసరమైతే కూరలు తరిగే పని కూడా చూసుకోవాలి, అయినా అందర్నీ వంటవాళ్ల కిందే రాశారు. మన 3060, 4060ల లోపల ఈ ఏర్పాటు దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి లెక్క నిలబడింది. తరం మారినప్పుడు టెరాఫ్లాప్స్‌ని పక్కపక్కన పెట్టి చూపించే వీడియోలని కాస్త అనుమానంగానే చూడండి.

గుమ్మం ఇరుకైంది, పోపుల పెట్టె పెద్దదైంది

సామాన్ల గది నుంచి సెకనుకి ఎంత సరుకు బయటికొస్తుందో లెక్క తేలిక. బస్ వెడల్పుని మెమరీ వేగంతో గుణించి, బిట్లని బైట్లు చేయడానికి ఎనిమిదితో భాగించాలి. 3060లో 192 × 15 ÷ 8, అంటే 360 జీబీ. 4060లో 128 × 17 ÷ 8, అంటే 272 జీబీ. రెండేళ్ల తర్వాత వచ్చిన కార్డులో ఇది పావు వంతు తగ్గింది. ఇది చూసే చాలామందికి ఒళ్లు మండింది, అందులో న్యాయం లేకపోలేదు.

కంపెనీ జవాబు పోపుల పెట్టె. క్యాష్ ఎనిమిది రెట్లు పెరిగింది కాబట్టి వంటవాడు మాటిమాటికీ గుమ్మం దాకా వెళ్లక్కర్లేదు, కాబట్టి 272ని 453తో సమానంగా చూడమన్నారు. ఆ 453 కొలిచిన వేగం కాదు, ఎన్ని నడకలు తప్పాయో అంచనా వేసి చెప్పిన అంకె. అలాగని ఉత్త మాట కూడా కాదు. గుమ్మం నిజంగా ఇబ్బంది పెడుతుంటే 1080పీలో ఆ 15–20 శాతం ఆధిక్యం వచ్చేదే కాదు. చిక్కల్లా ఎక్కడంటే, స్క్రీన్ రిజల్యూషన్ పెరిగేకొద్దీ ఒక్కో బొమ్మకి కావలసిన సరుకు పెరుగుతుంది, పోపుల పెట్టెలో పట్టేది తగ్గుతుంది, నడకలు మళ్లీ పెరుగుతాయి. అందుకే 4కేకి వెళ్లేసరికి రెండు కార్డుల మధ్య దూరం తగ్గిపోతూ వస్తుంది. మా తమ్ముడి మానిటర్ 1080పీ. వాడికి ఇది సమస్య కాదు.

మరి 10 జీబీ పెట్టొచ్చుగా?

ఈ ప్రశ్న బావ అడిగాడు, మంచి ప్రశ్న. మెమరీ చిప్ ఒక్కోటి 32 బిట్ల దారి తీసుకుంటుంది. 192 బిట్లంటే ఆరు చిప్‌లు, 128 అంటే నాలుగు. అప్పట్లో ఈ రకం చిప్ ఒక్కోటి 1 జీబీ లేదా 2 జీబీ. అంటే 3060కి ఆరు జీబీ గానీ పన్నెండు జీబీ గానీ పెట్టాలి; ఆరు మరీ తక్కువ, కాబట్టి పన్నెండు పెట్టారు. 4060కి నాలుగు గానీ ఎనిమిది గానీ, లేకపోతే బోర్డుకి రెండు వైపులా చిప్‌లు అతికించి పదహారు. పది, పన్నెండు అనేవి ఆ బస్‌తో కుదిరే అంకెలు కావు. అంటే 3060లో 12 ఉండటం ఎవరి దయా కాదు, 4060లో 8 ఉండటం ఒక్క మెమరీ దగ్గర కక్కుర్తి కూడా కాదు. గుమ్మం కొలత తేలిన రోజే గది కొలతా తేలిపోయింది. గుమ్మాన్ని ఎందుకు తగ్గించారంటే, చిన్న చిప్ చవక, బస్ తగ్గితే బోర్డూ చవక. అక్కడ కక్కుర్తి ఉందంటే నేను కాదనను.

గది నిండిపోయిన రోజు

మెమరీ గురించి అందరూ తడబడేది ఇక్కడే. ఎక్కువ మెమరీ ఉంటే కార్డు వేగంగా పరిగెత్తదు. తక్కువైనప్పుడు మాత్రం కుప్పకూలుతుంది. దీన్ని నిరూపించే పరీక్ష కంపెనీయే మన చేతికిచ్చింది: 4060 టీఐ అనే కార్డు 2023లో 8 జీబీతో ఒకటి, 16 జీబీతో ఒకటి వచ్చింది. చిప్ అదే, కోర్లు అవే, బస్ అదే. ఆట అడిగే సరుకు ఎనిమిదిలో సరిపోయినంతసేపూ రెండూ అక్షరాలా ఒకే వేగం, వంద డాలర్లు ఎక్కువ పెట్టినందుకు ఏమీ రాదు. దాటిందా, 8 జీబీ కార్డు ఆగి ఆగి నడుస్తుంది, లేదా ఆట తనంతట తానే గోడల మీద, బట్టల మీద బొమ్మల నాణ్యత తగ్గించేసి మసకగా చూపిస్తుంది. రెండో రకం మరీ మోసం, ఎందుకంటే ఫ్రేముల అంకె (సెకనుకి ఎన్ని బొమ్మలు గీసిందన్న లెక్క) బాగానే కనిపిస్తుంది, బొమ్మే చెడిపోతుంది.

2023లో హాగ్వార్ట్స్ లెగసీ, ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 లాంటి ఆటలు కంప్యూటర్లకి వచ్చినప్పుడే ఈ 8 జీబీ గొడవ పెద్దదైంది. ఆ ఆటలు మొదట్లో సరిగ్గా చెక్కకుండానే వచ్చాయి, తర్వాత మరమ్మతులు చేశారు, అదీ నిజమే. 8 జీబీ చాలనేవాళ్లు దీన్నే పట్టుకుంటారు, టెక్స్చర్లు, అంటే ఆ గోడల మీది, బట్టల మీది బొమ్మల నాణ్యత, అల్ట్రా నుంచి హై కి దించుకుంటే చాలు కదా అంటారు. చాలా ఆటల్లో ఆ మాట నిజం, తేడా కంటికి ఆనదు కూడా. చాలదనేవాళ్ల మాట ఏమిటంటే, కార్డు మూడు నాలుగేళ్లు వాడతాం, ఆటల ఆకలి ఏటేటా పెరుగుతోంది, పని చేయగల సత్తా ఉండి కూడా గది చాలక కార్డుని మూల పడేయాల్సి రావడం అన్యాయం అని. ఇదీ నిజమే. ఒకరు ఈ రోజు గురించి మాట్లాడుతున్నారు, ఒకరు మూడేళ్ల తర్వాత గురించి.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. గది నిండినప్పుడు సరుకు బజారు నుంచి రావాలని చెప్పాను కదా. 3060 ఆ దారిలో 16 వరుసలు వాడుతుంది, 4060 ఎనిమిదే. మదర్‌బోర్డు కొత్తదై పీసీఐఈ 4.0 ఉంటే ఎనిమిది వరుసల్లో సెకనుకి సుమారు 16 జీబీ వస్తుంది. బీ450 లాంటి పాత బోర్డైతే 3.0 మాత్రమే, అప్పుడు వచ్చేది సుమారు 8. అదే పాత బోర్డులో 3060కి 16 వస్తుంది. కార్డు లోపల 272 జీబీ వేగంతో దొరికే సరుకు, బయటి నుంచి 8 జీబీ వేగంతో రావడమంటే ముప్పై నాలుగు రెట్లు నెమ్మది. అంటే చిన్న గది ఉన్న కార్డుకే బజారు అవసరం ఎక్కువ, బజారు దారీ దానికే ఇరుకు. మా తమ్ముడి బోర్డు, చెప్పక్కర్లేదనుకుంటా, బీ450.

లేని ఫ్రేముల్ని పుట్టించడం

4060 ప్రకటనల్లో కనిపించే పెద్ద పెద్ద అంకెల వెనక ఉన్నది ఫ్రేమ్ జనరేషన్. కార్డు నిజంగా గీసిన రెండు బొమ్మల మధ్య, ఊహించి తయారుచేసిన బొమ్మని ఒకదాన్ని ఇరికిస్తుంది. ఎన్‌విడియా వారి ఈ సదుపాయం 40వ తరం నుంచే ఉంది, 3060కి ఇవ్వలేదు.

ఉదాహరణకి ఆట సెకనుకి 40 ఫ్రేములు ఇస్తోందనుకుందాం. ఒక్కో బొమ్మకి 25 మిల్లీసెకన్లు. ఫ్రేమ్ జనరేషన్ పెడితే అంకె 70కి చేరిందనుకోండి, కంటికి నునుపుగా ఉంటుంది. కానీ మీరు మౌస్ కదిపితే ఆటకి తెలిసేది నిజమైన బొమ్మ గీసేటప్పుడే. పైగా మధ్య బొమ్మ తయారుచేయాలంటే తర్వాతి బొమ్మ వచ్చేదాకా ఆగాలి కాబట్టి చేతికి స్పందన ఇంకాస్త ఆలస్యం. నడిపించే కథల ఆటల్లో ఇది హాయిగా ఉంటుంది. కాల్చుకునే పోటీ ఆటల్లో విసుగు పుట్టిస్తుంది. అసలు ఫ్రేములే 25 దగ్గర కొట్టుకుంటుంటే దీన్ని పెట్టి లాభం లేదు. ఇంకోటి, ఈ పని చేయడానికి కూడా వీర్యామ్ కావాలి, ఎనిమిది అంచున ఉన్న ఆటని ఇదే అవతలికి తోసేయొచ్చు.

3060 వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. పోటీ కంపెనీ ఏఎండీ తెచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ 3 ఫ్రేమ్ జనరేషన్, అది ఉన్న ఆటల్లో, ఎన్‌విడియా పాత కార్డుల మీద కూడా పనిచేస్తుంది. చిన్న బొమ్మ గీసి పెద్దది చేసే డీఎల్‌ఎస్‌ఎస్ పద్ధతి రెండు కార్డులకీ ఉంది, 2025లో వచ్చిన మెరుగైన రకం కూడా రెండింటికీ ఇచ్చారు. అందుకే ఎవరైనా పోలిక అంకెలు చూపిస్తే మొదట అడగాల్సింది ఇవి గీసినవా, పుట్టించినవా అని.

బావ స్టూడియోలో కథ వేరు

బావకి ఆటలతో పనిలేదు. పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రింబవళ్లు ఎడిటింగ్, పొద్దున్నకి ఎక్స్‌పోర్ట్. వీడియోని కుదించడానికి కార్డులో ప్రత్యేకంగా ఒక విభాగం ఉంటుంది, దానికి కోర్లతో పెద్దగా సంబంధం లేదు. హెచ్.264, హెచ్.265 అనే కుదించే పద్ధతులు రెండు కార్డులూ చేస్తాయి. ఏవీ1 అనే కొత్త పద్ధతిలో వీడియో చూపించడం రెండింటికీ వచ్చు, తయారుచేయడం 4060కే వచ్చు. యూట్యూబ్‌కి ఎక్కించేవాళ్లకి అది పనికొస్తుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి పెళ్లివారికి ఇచ్చే బావకి, వాళ్ల పాత టీవీలో తెరుచుకోకపోతే తిట్లే మిగులుతాయి.

ఆయన అసలు బాధ టైమ్‌లైన్ మీద వీడియో ముక్కలు ముక్కలుగా ఆగడం. అడిగితే తేలిందేంటంటే, కెమెరాలో 10 బిట్, 4:2:2 రంగులతో హెచ్.265లో తీస్తున్నాడు. ఆ రకం ఫైల్‌ని విప్పే పని 3060కీ రాదు, 4060కీ రాదు. ఎన్‌విడియాలో 50వ తరంతోనే వచ్చింది. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌కి మాత్రం వచ్చు. అంటే ఆయన ఈ రెండింటిలో ఏది కొన్నా ఆ బాధ అలాగే ఉండేది. ఎక్స్‌పోర్ట్ వేగం కోసం చూసుకుంటే 4060, 4కేలో బరువైన ఎఫెక్ట్‌లు పెడితే 12 జీబీ ఊరట.

కరెంటు సంగతి ఆయనకి ముఖ్యం. 55 వాట్ల తేడా, రోజుకి నాలుగు గంటలు పూర్తి బరువుతో నడిస్తే ఏడాదికి 80 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలనుకుంటే 480 రూపాయలు. బిల్లులో అది లెక్కలోది కాదు. యూపీఎస్ మీద మాత్రం లెక్కే. 600 వీఏ యూపీఎస్ మోసేది సాధారణంగా 360 వాట్లు. ప్రాసెసర్, మానిటర్ కలిపి 150 అనుకుంటే 3060తో 320, 4060తో 265. వేసవి సాయంత్రం కరెంటు పోయినప్పుడు ప్రాజెక్ట్ సేవ్ చేసుకునేంత వ్యవధి దొరుకుతుందా లేదా అన్నది ఆ తేడాలో ఉంటుంది.

పాత కార్డు గెలిచే చోటు

తమ్ముడి కాలేజీ ప్రాజెక్ట్ ఒక చిన్న భాషా మోడల్‌ని (చాట్‌జీపీటీ లాంటిదే, చిన్నది) సొంత కంప్యూటర్‌లో నడపడం. ఇక్కడ పైన చెప్పినదంతా తలకిందులవుతుంది. ఒక్కో మాట పుట్టించడానికి మోడల్ మొత్తాన్ని మెమరీలోంచి ఒకసారి చదవాలి. అంటే ప్రతి ముద్దకీ సామాన్ల గదంతా ఖాళీ చేసి బయటికి తేవాలి. అలాంటప్పుడు పోపుల పెట్టె ఎంత పెద్దదైనా దండగ, గుమ్మం వెడల్పే ముఖ్యం. మోడల్ సైజు 5 జీబీ అనుకుంటే, 3060లో సెకనుకి 360 ÷ 5, గరిష్ఠంగా 72 మాట ముక్కలు. 4060లో 272 ÷ 5, సుమారు 54. నిజంగా వచ్చేవి ఇంతకన్నా తక్కువే ఉంటాయి, కానీ ఎవరు ముందుంటారో ఈ లెక్క చెప్పేస్తుంది.

గది సైజూ ఇక్కడే బయటపడుతుంది. 800 కోట్ల పారామితుల (మోడల్ లోపల దాచుకునే అంకెల) మోడల్‌ని ఒక్కోదానికి ఒక బైటు చొప్పున పెడితే 8 జీబీ, దాని మీద సంభాషణ గుర్తుపెట్టుకోడానికి ఇంకొంత. 12లో పడుతుంది, 8లో పట్టదు. సగం బైటుకి కుదిస్తే రెండింట్లోనూ పడుతుంది, కాస్త తెలివి తగ్గుతుంది.

వాడికి ఇవన్నీ చెప్పాక పాత 3060 సెకండ్ హ్యాండ్‌లో చూస్తానన్నాడు. చూడొచ్చు, కానీ 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మార్చుకుని కార్డులతో మైనింగ్ ఆగిపోయాక ఏడాది పొడవునా పగలూ రాత్రీ నడిచిన కార్డులు చాలా బజార్లోకి వచ్చాయి. చిప్ బాగానే ఉండొచ్చు, ఫ్యాన్లు అరిగి ఉంటాయి, వేడి లాగే ప్యాడ్‌లు ఎండిపోయి ఉంటాయి. ఎదురుగా అరగంట నడిపించి చూడకుండా డబ్బులివ్వొద్దన్నాను.

నిన్న క్యాబినెట్ తెరిచి పవర్ సప్లై మీద స్టిక్కర్ ఫొటో తీసి పంపాడు. 450 వాట్లు. రెండు కార్డులకీ కంపెనీ 550 ఉండాలంటోంది.